ఐసుగది గడప

గునపం జారి బయట సిమెంటు నేల మీద పడిన చప్పుడూ, దాని వెనకాలే తలుపు దబ్బుమని మూసుకున్న చప్పుడూ విన్నాక కూడా సూర్యప్రకాష్‌కి ముందు నవ్వే వచ్చింది. రాదూ మరి? ఆ తలుపు దానంతట అది మూసుకునే ఏర్పాటు చేసింది తనే. పలాస కాశీబుగ్గల్లో ఐసుగది తలుపుకి నూతి గిలక బిగించిన మొనగాడు తనొక్కడే. తుఫానుకి కూలిపోయిన తమ ఇంటి నూతి మీది గిలక తెచ్చి, తాడు వేసి, తాడు కొసకి ఇసక మూట వేలాడదీసి, ఎవరు తలుపు తీసి వదిలేసినా మూట కిందికి దిగి తలుపు మూతపడేలా అమర్చుకున్నాడు. "తలుపెయ్ కూర్మయ్యా, గాలి దూరతాది, గాలి దూరితే ఐసు కడతాది" అని పనివాడికి చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టి చేసిన పని అది. ఇవాళ లోపలికి వస్తూ తలుపుకి గునపం అడ్డం పెట్టాడు. ఐసు ఎక్కణ్ణుంచి కొట్టడం మొదలుపెట్టాలో ఒక్క నిమిషం చూసుకుని, వెనక్కి తిరిగి గునపం అందుకుందామనుకున్నాడు. మూట బరువుకి గునపం జారింది. జారుతుందని తెలియదా అంటే తెలుసు, కానీ ఒక్క నిమిషమే కదా అనుకున్నాడు, తన బతుకంతా ఈ ఒక్క నిమిషమే కదా అనుకోవడంతోనే నడిచింది. నవ్వుకుంటూనే, లోపల్నుంచి తలుపు తీసే గుబ్బ మీద చెయ్యి వేశాడు. చేతికి గుబ్బ తగల్లేదు, ఐసు తగిలింది.

బెత్తెడు మందాన ఉంది. గుబ్బ ఆ లోపలెక్కడో మసగ్గా, నల్లగా కనబడుతోంది, పట్టుకుందామంటే అంచు కూడా లేదు. మొన్ననే చూశాడు అది ఐసులో మునిగిపోతోందని, ముందు దీని సంగతి చూడాలనుకున్నాడు, నిన్నటి గొడవలో మరిచిపోయాడు. భుజంతో తోశాడు, వీపు ఆనించి తోశాడు, తలుపు ఉలకలేదు. "కూర్మయ్యా!" అని అరిచాడు. అరిచాక గుర్తొచ్చింది, పడవలు ఒడ్డుకి వచ్చే వేళకి అక్కడుండాలని కూర్మయ్యని ఆటో ఇచ్చి భావనపాడు పంపింది తనే. "కామాచ్చీ!" అని అరిచాడు. అరిచాక ఇంకోటి గుర్తొచ్చింది, భార్యకి తను టెక్కలి వెళ్తున్నానని చెప్పాడు. ఆ చెప్పడం కూడా మొహం చూసి చెప్పలేదు, గుమ్మం బయట చెప్పులేసుకుంటూ గోడకి చెప్పినట్టు చెప్పాడు. "టెక్కలి పోతన్నాను. తలుపుకి కొత్త రబ్బరు తేవాల. సాయంత్రం గాని రాను." పొయ్యి దగ్గర ఆమె ఇంకో కట్టె లోపలికి తోసింది. బస్టాండుకి బయల్దేరినవాడు పెరట్లో ఐసుగది ముందు నుంచి పోతూ, నాలుగు దెబ్బలు వేసి పోదామని ఆగాడు. అంటే లోకం లెక్కలో తనిప్పుడు బస్సులో ఉన్నాడు. కిటికీ పక్కన కూర్చుని, వేడిగాలి మొహాన కొడుతుంటే తిట్టుకుంటూ నందిగాం దాటుతున్నాడు. ఆ బస్సులో తన సీటు ఖాళీగా పోతోందని తెలిసినవాడు ఈ భూమ్మీద తనొక్కడే.

మళ్లీ అరిచాడు. తలమీద ఫ్యాన్లు రెండూ హోరుమంటున్నాయి, అరిచిన అరుపు ఆ హోరులో కలిసి, తిరిగి తన మొహానికే చల్లగా తగిలింది. గోడలు జానెడు మందం, బయట కంప్రెసర్ మోత, పెరటి గోడ అవతల జీడిపప్పు మిల్లు బాయిలర్ మోత. తనే చూసి కట్టించుకున్న గోడలు కదా, చల్లదనం చుక్క కూడా బయటికి పోకూడదని కంపెనీ మనిషిని గుచ్చి గుచ్చి అడిగాడు, మనిషి గొంతు పోతుందా అని అడగడం మాత్రం తోచలేదు. ఒంటి మీద పొట్టి చేతుల చొక్కా, బస్సుకని వేసుకున్న పల్చటి ప్యాంటు. కాళ్లకి ఏమీ లేదు. వట్టి కాళ్లు. చెప్పులు బయట గిలక కింద విడిచాడు, ఎందుకంటే ఈ గదికి గడప ఉంది, గడప దాటి చెప్పులతో వస్తే కామాక్షి ఊరుకోదు. రోజూ లోపలికొస్తే వేసుకోవడానికి రబ్బరు బూట్లు ఉన్నాయి, అవి కూర్మయ్య భావనపాడు తొడుక్కుపోయాడు. అరికాళ్లు నేలకి అంటుకుపోతున్నాయి. ఒక కాలు ఎత్తితే చర్మం నేలని వదల్లేక వదిలినట్టయింది. రొయ్యల డబ్బా అట్టపెట్టె ఒకటి చింపి, కాళ్ల కింద పరుచుకుని దాని మీద నిలబడ్డాడు. పేరులో సూర్యుణ్ణి పెట్టుకున్న పెద్దమనిషి, అట్టముక్క మీద ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి మారుతూ, ఆలోచించు, ఆలోచించు, అని పైకే అనుకున్నాడు.

ఆలోచించడానికేముంది, ఈ ఐసు గురించి రెండు వేసవుల నుంచీ ఆలోచిస్తూనే ఉన్నాడు. గది సున్నాకి బాగా కిందే ఉండాలి, చేపలు రాళ్లలా గట్టిపడాలి, కానీ గోడ మీద, నేల మీద, లోపలి కాయిల్ మీద ఐసు కట్టకూడదు. కాయిల్‌కి ఐసు పడితే గాలి ఆడదు, గాలి ఆడకపోతే చల్లదనం రాదు, అప్పుడు ఐసు మధ్యలోనే చేపలు మెత్తబడతాయి. వింత కాదూ? టెక్కలి మెకానిక్ బాబ్జీ మొదటిసారి వచ్చి, కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, "గురూగారూ, టైమరు పోనాది. రోజూ కొన్నిసార్లు ఈ కాయిల్ ఏడెక్కాల, కట్టిన ఐసు కరిగిపోవాల. టైమరు తిరక్కపోతే ఏటి కరుగుతాది?" అన్నాడు. కొత్త టైమరు వేశాడు. తగ్గింది, మళ్లీ కట్టింది. రెండోసారి హీటరు కాలిపోయిందన్నాడు, మార్చాడు. తగ్గింది, మళ్లీ కట్టింది. మూడోసారి, కరిగిన నీళ్లు పోయే పైపు మూసుకుపోయిందని వేడినీళ్లు పోసి కడిగాడు. తగ్గింది. ఆ తరవాత ఒకరోజు టీ తాగుతూ, "మీ ఐసుకి శుక్రారం గండం ఏదో ఉన్నట్టుంది గురూగారూ, నన్ను పిలిసినప్పుడల్లా శనారమే" అని నవ్వాడు. తనూ నవ్వాడు. ఆ నవ్వులోనే మొత్తం ఉంది, ఆ రోజే అది పట్టుకుని ఉంటే ఇప్పుడిలా గుబ్బని గోళ్లతో గీరుతూ ఉండేవాడు కాదు.

గోళ్లతో కాదు, ఏదైనా బరువుది కావాలి. గదంతా వెతికాడు. గునపం బయట, సుత్తి బయట, తక్కెడ రాళ్లు బయట. లోపల ఉన్నవి ఐస్‌క్రీం డబ్బాలూ రొయ్యల పెట్టెలూ చేపలూ. చేపల్లో పెద్దది, పెళ్లివాళ్ల కోసం అట్టేపెట్టిన కోనాం, తోక పట్టుకుని పైకెత్తితే రోకలంత ఉంది. దానితో గుబ్బ మీద కొట్టాడు. టంగుమంది. మళ్లీ కొట్టాడు, ఐసు పెంకు ఒకటి లేచి చెంప మీద పడింది. మళ్లీ, మళ్లీ. నాయనా కోనాం, నువ్వు బతికుండగా ఎవరి మాట విన్నావో తెలీదు, ఇప్పుడు నా మాట విను. తోక చేతిలో ఉండిపోయింది, చేప కిందపడి దొర్లింది. దాన్ని నడుం దగ్గర రెండు చేతులతో ఎత్తుకుని మళ్లీ కొట్టాడు. వేళ్లు తనవి కానట్టున్నాయి, చేపని పట్టుకున్నాయో వదిలేశాయో చూస్తే గాని తెలియడం లేదు. ఊపిరి వదిలి గుబ్బని వెచ్చబెడదామని నోరు దగ్గర పెట్టి ఊదాడు, ఊదిన ఊపిరి గుబ్బ మీద తెల్లగా పేరుకుంది. చివరికి సిగ్గు విడిచి, ప్యాంటు విప్పి, ఒంట్లో ఉన్న నాలుగు చుక్కల వేడినీళ్లు కూడా దాని మీద పోశాడు. పొగలొచ్చాయి. ఆశ పుట్టింది. చూస్తుండగానే అదీ గడ్డకట్టి ఐసులో కలిసిపోయింది. ఐసు వదిలించడానికి వచ్చినవాడు తనే దానికి తడి పోస్తున్నాడు. కూర్మయ్య ఈ పని చేసి ఉంటే ఊరంతా చెప్పి నవ్వేవాడు. ప్యాంటు గుండీ పెట్టుకోవడానికి వేళ్లు రాలేదు.

వణుకు లోపల్నుంచి వస్తోంది, ఎముకల్లోంచి. నాన్న ఇలాగే వణికేవాడు. నడి వైశాఖంలో, కొబ్బరాకు కూడా కదలని మధ్యాహ్నం, అరుగు మీద కూర్చుని, "ఓరి సూరీడూ, దుప్పటి తేరా" అనేవాడు బంగారయ్య. ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో కాళ్లు వాచి మొహం పాలిపోయిన మనుషులు ఇంటికొకరు, తమ ఇంట్లో ఆ వంతు నాన్నకి వచ్చింది. విశాఖ తీసుకెళ్లి తీసుకొచ్చేవాడు తను, రైల్లో నాన్న కిటికీ మూయించేవాడు, పెట్టెలో వాళ్లందరూ చెమటలు కారుతూ చూసేవాళ్లు. దుప్పటి మీద దుప్పటి కప్పి, "ఇంత ఎండలో సలేటి నాన్నా, అంతా నీ ఊహ" అని విసుక్కునేవాడు. ఊహ కాదు నాన్నా. చలి లోపల్నుంచే వస్తుంది, పైన ఎన్ని దుప్పట్లు కప్పినా అది లోపలే కూర్చుంటుంది, ఇప్పుడు తెలిసింది. నాన్నకి అప్పుడు పక్కన తనున్నాడు, విసుక్కుంటూనో ఎలాగో ఉన్నాడు, కాళ్లు ఒళ్లో పెట్టుకుని రుద్దేవాడు కామాక్షి చెబితే. తనకిప్పుడు ఎవరున్నారు? "కామాచ్చీ!" ఈసారి అరుపు గొంతులోనే ఉండిపోయింది. ఎవరూ లేరు. ఇలాగే పోతాడు. సాయంత్రం కూర్మయ్య వచ్చి తలుపు తీసేసరికి చేపల మధ్య చేపలా పడుంటాడు, టెక్కలి నుంచి ఇంకా రాలేదేమని ఆమె అప్పటికి గుమ్మంలో నిలబడి రోడ్డు వైపు చూస్తూ ఉంటుంది. కోపంగా వెళ్లిన మనిషి కోపంతోనే ఆలస్యం చేస్తున్నాడనుకుంటుంది. ఏడుపొచ్చింది. చెంప మీద జారుతున్నంతసేపు వెచ్చగా ఉంది.

గుమ్మం అంటే గుర్తొచ్చింది, ఆమెకి తనదనే గుమ్మం లేదు. తొంభై తొమ్మిది తుఫానుకి కొబ్బరిచెట్లు వరసగా ఒకే వైపు పడుకున్నాయి, ఇంటి మీద మూడు పడ్డాయి. తెల్లారి చూస్తే కప్పు లేదు, గోడలు సగం లేవు, పనసచెక్క గడప మాత్రం నేలని పట్టుకుని ఉంది. కామాక్షి ఆ రోజు కూడా దాన్ని కడిగింది. చుట్టూ వాననీళ్లు, మధ్యలో ఇల్లు లేని గడప, దానికి పసుపు. ఊళ్లో ఆడవాళ్లు చూసి ఏడ్చారు, తను సిగ్గుపడ్డాడు. తరవాత కాశీబుగ్గలో ఈ అద్దె వాటాలోకి వచ్చారు. మొదటి శుక్రవారం పొద్దున్నే పసుపు గిన్నె పట్టుకుని గుమ్మంలోకి వెళ్లిన మనిషి గిన్నెతో అలాగే వెనక్కి వచ్చింది, ఇంటి ఓనరమ్మ అప్పటికే రాసేసిందట, "మా ఇంటి గడపకి మేమే రాసుకుంటామమ్మా" అందట. కామాక్షి మందస పిల్ల, మేనత్త కూతురు, చిన్నప్పటి నుంచీ తెలుసు, ఎవరి మీదా చాడీ చెప్పదు, అది కూడా నవ్వుతూనే చెప్పింది. ఆ ఏడే పెరట్లో ఐసుగది లేచింది. చల్లదనం కారిపోకుండా తలుపు కింద ఎత్తుగా రేకు కమ్మీ బిగించారు. బిగించినవాళ్లు చేతులు కడుక్కుని వెళ్లేసరికి ఆమె కమ్మీకి పసుపు రాసి బొట్లు పెట్టేసింది. లేచి నిలబడి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ, "ఇది మన గడప బావా" అంది. తను నవ్వాడు. ఆ మొహం మీద అలాంటి వెలుగు తుఫాను తరవాత అదే మొదటిసారి చూడ్డం, ఏమంటాడు?

వద్దు అనాల్సింది అప్పుడే. అనలేదు సరిగదా, చెప్పకూడనిది చెప్పాడు. కమ్మీ గడ్డకట్టకుండా దాని లోపల సన్నటి తీగ ఒకటి వేడెక్కుతూ ఉంటుంది, కరెంటు ఉన్నప్పుడు దాని మీద నీళ్లు పోస్తే షాకు కొడుతుందేమోనని భయపడ్డాడు. "కరెంటు పోయినప్పుడే కడుగు" అన్నాడు. ఆమె అలాగే చేసింది, తన మాట ఎప్పుడు కాదంది? ప్రతి శుక్రవారం పొద్దుటి కోత కోసం కాచుకుని, కరెంటు పోగానే చెంబుతో నీళ్లు పోసి, కడిగి, పసుపు రాసేది. కరెంటు లేదు గనక తీగ చల్లారి ఉండేది. తీగ చల్లారి ఉంది గనక నీళ్లు తలుపు రబ్బరు కిందికి పాకి అక్కడే గడ్డకట్టేవి. గడ్డకట్టిన రబ్బరుని కూర్మయ్య బలంకొద్దీ లాగి తలుపు తీసేవాడు, ప్రతిసారీ ఒక పీలిక చిరిగేది. ఆ సందులోంచి సముద్రపు తడిగాలి లోపలికొచ్చి దొరికిన చోటల్లా ఐసై కూర్చునేది. బాబ్జీ టైమర్లు మార్చాడు, హీటర్లు మార్చాడు, పాపం వాడేం చేస్తాడు, శుక్రవారాన్ని మార్చలేడు కదా. నిన్న తను తలుపు సందులో పేపరు ముక్క పెట్టి మూసి లాగి చూశాడు, పైనా పక్కలా పేపరు చిరిగింది, కింద మాత్రం సుతారంగా జారి చేతిలోకి వచ్చేసింది, అంచు పచ్చగా ఉంది. వంగి గోటితో గీరాడు. పసుపు, ఐసు, పసుపు, ఐసు, పొరలు పొరలుగా.

అప్పుడైనా నెమ్మదిగా చెప్పొచ్చు. నువ్వు నీళ్లు పోశావు, నేనే పొయ్యమన్నాను, ఇద్దరం కలిసి చేశాం ఈ ఘనకార్యం అని చెబితే ఆమె నవ్వేది. కానీ రెండు వేసవుల విసుగు ఒక్కసారి నోట్లోకి వచ్చింది. ఆమెని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి చూపించాడు. "ఇది ఇల్లనుకున్నావేటే? ఐసుపెట్టె ఇది! దీనికి గడపా నేదు, గిడపా నేదు. ఈ పసుపు మల్లీ నా కంటికి కనబడిందంటే సూడు." అవతల కూర్మయ్య చేపలు తూస్తూ తల వంచుకున్నాడు. ఆమె కమ్మీ వంక చూసింది, తన వంక చూడలేదు. "గడప నేకుండా ఉంటాదేటి బావా," అంది, గట్టిగా కూడా కాదు, తనలో తాను అనుకున్నట్టు. పసుపు గిన్నె తీసుకుని వెళ్లిపోయింది. రాత్రి అన్నం పెట్టింది, పిల్ల బిందుకి జడేసి పడుకుంది. ఇవాళ శుక్రవారం. ఇవాళ శుక్రవారం! ఈ మాట బుర్రలో తట్టగానే కాళ్ల కింద అట్టముక్క మీద కూలబడిపోయాడు. ఏ శుక్రవారమైనా ఈ వేళకి, కరెంటు పోగానే, చెంబు పట్టుకుని ఈ తలుపు దగ్గరికి వచ్చే మనిషి లోకంలో ఒకే ఒక్కతె ఉంది. ఆమెని నిన్న రావద్దని తరిమాడు. తరిమినవాడి మాట ఆమె ఎన్నడూ జవదాటదు.

దాటవే. ఒక్కసారి దాటవే కామాచ్చీ. పుట్టింటికి పోవద్దంటే మానేశావు, సినిమా వద్దంటే మానేశావు, ఈ ఒక్కటీ మానకు. మొండిదానివి కాకపోవడం నీదే తప్పు. గిన్నె తియ్యి, పసుపు కలుపు, నన్ను నాలుగు తిట్టుకుంటూ పెరట్లోకి రా, నీ గడప దగ్గరికి నువ్వు రా. ముందు కరెంటు పోవాలి. కరెంటు పోతే గాని ఆమె కదలదు. రోజూ కోత మొదలవగానే కరెంటాఫీసుని ఏడు తరాల దాకా తిట్టే మనిషి, మోకాళ్లు గుండెకి హత్తుకుని, తియ్యండి బాబూ, కరెంటు తియ్యండి, మీ కాళ్లు మొక్కుతాను, అని పెదాలు కదిలిస్తున్నాడు. పెదాలు కదులుతున్నాయో లేదో కూడా తెలియదు. ఎంతసేపయిందో తెలియదు. వణుకు తగ్గింది. మంచిదే అనుకున్నాడు, కాదు, మంచిది కాదని ఎక్కడో లోపల తెలుస్తోంది, కానీ ఆ తెలియడం దూరంగా ఎవరికో జరుగుతోంది. నిద్రొస్తోంది. ఈ బల్బు వెలుగు ఎందుకింత తెల్లగా ఉంది, బిందు బడికి వెళ్లిపోయి ఉంటుంది, జడ కుచ్చులు తెల్లవి, కాదు ఎర్రవి, ఏవి, ఇవాళ పొద్దున చూడలేదు, కోపంలో పిల్ల వంక కూడా చూడకుండా వచ్చేశాడు, ఎర్రవేనా?

చీకటి పడింది. ఒక్కసారిగా, పూర్తిగా. చచ్చిపోయానా అనుకున్నాడు. ఫ్యాన్లు తిరిగి తిరిగి, నెమ్మదించి, ఆగాయి. బయట కంప్రెసర్ గొణిగి ఊరుకుంది. అంత నిశ్శబ్దం ఆ గదిలో ఎన్నడూ వినలేదు. చచ్చిపోలేదు, కరెంటు పోయింది. నేల మీద, తలుపు కింద, సన్నటి వెలుగు గీత ఒకటి కనబడింది. నిన్నంతా తిట్టిన సందు అదే. తడిగాలిని లోపలికి రానిచ్చిన సందు, కొత్త రబ్బరు తెచ్చి పూర్తిగా మూసేద్దామనుకున్న సందు. మోచేతుల మీద పాకుతూ దాని దగ్గరికి వెళ్లాడు, చెంప నేలకి ఆనించాడు. సందులోంచి గోరువెచ్చగా గాలి తగిలింది, జీడిపిక్కలు కాలుతున్న వాసన. మిల్లుకి వెళ్లే ఆడవాళ్లెవరో వీధిలో మాట్లాడుకుంటూ పోతున్నారు. అరుద్దామని నోరు తెరిచాడు. గాలి వచ్చింది, మాట రాలేదు. మాటలు దూరమైపోయాయి. వెలుగు గీత అలాగే ఉంది, దాని మీద ఏ నీడా పడలేదు. ఆమె రాదు. రావద్దన్నాడు, రాదు. గీత పక్కన కళ్లు మూసుకున్నాడు, రెప్పల వెనక అంతా పచ్చగా ఉంది.

గాజుల చప్పుడు. కల కాబోలు. గీత మీద నీడ పడింది. చెంబు నేల మీద పెట్టిన చప్పుడు, ఆ చప్పుడు తెలుసు, ఎన్ని శుక్రవారాలు విన్నాడు. తరవాత నీళ్లు. సందు కింద నుంచి పచ్చటి నీళ్లు పాకుతూ వచ్చి చెంపకి తగిలాయి. వచ్చింది! మాట దాటింది! నా మొండి తల్లి, అనుకున్నాడు, అనుకుంటుండగానే చెంప చురుక్కుమంది. వేడి. నీళ్లు కాగుతున్నంత వేడిగా ఉన్నాయి. పసుపు రాయడానికి వేడినీళ్లెందుకు? గరగరమని గీకుతున్న చప్పుడు, అట్లకాడ. గీకి, నీళ్లు పోసి, మళ్లీ గీకుతోంది. పసుపు రాయడానికి రాలేదు. కంటికి కనబడకూడదన్నాడు కదా, కడిగేయడానికి వచ్చింది. తను టెక్కలి నుంచి వచ్చేసరికి కమ్మీ శుభ్రంగా ఉండాలని వచ్చింది. గీకుడు మధ్యలో ఆమె గొంతు, చిన్నగా, ముక్కు ఎగబీలుస్తూ, గడపకి నచ్చజెబుతున్నట్టు, ఆ సందులోంచి నేరుగా అతని చెవిలోకి వచ్చింది.

"కోపం ఒద్దు తల్లీ. ఆయన కోపం నీ మీద కాదు, నా మీద. నీకేటీ నేదు, సరేనా."

ఏదో ఒకటి చెయ్యాలి, గీకడం అయిపోతే వెళ్లిపోతుంది. నోరు తెరిచాడు, ఊపిరి మాత్రం బుసమంది. చెయ్యి వెనక్కి చాచాడు, చీకట్లో మొండి తోక కోనాం తగిలింది. వేళ్లు ముడుచుకోవు, రెండు ముంజేతుల మధ్య ఇరికించి లాక్కున్నాడు, తల ఎత్తకుండానే తలుపుకేసి తోశాడు. ఠక్. గీకుడు సాగుతూనే ఉంది. ఉన్న బలమంతా ముంజేతుల్లోకి తెచ్చుకుని మళ్లీ కొట్టాడు, ఠక్, ఠక్. గీకుడు ఆగింది.

"ఎవులది?" అంది భయంగా. గాజులు వెనక్కి జరిగాయి. పోకు, పోకే. "లోపలెవులు?" మళ్లీ కొట్టాడు. ఆ తరవాత చెప్పు ఒకటి నేల మీద జరిగిన చప్పుడు, ఎవరో తీసి చూసినట్టు. "ఓలమ్మో! ఈ సెప్పులు... బావా! బావా నువ్వు టెక్కలి ఎలిపోనావు గదా!"

తలుపు పిడి ఊగింది. తలుపు రాలేదు, అంచులన్నీ ఐసు పట్టి ఉంది. వేడినీళ్లు మళ్లీ వచ్చాయి, చెంబు కాదు, గిన్నెతో సహా గుమ్మరించినట్టు వచ్చాయి, అతని మెడ కిందికి, చొక్కాలోకి. ఆమె లాగుతోంది, ఇసక మూట ఇటు లాగుతోంది, నూతి గిలక కిర్రుమంటోంది. "రా! రాయే!" అని ఎవర్ని అంటోందో, తలుపునో గిలకనో, పిలుస్తూ, తిడుతూ, ఏడుస్తూ లాగుతోంది. చర్రుమని ఏదో చిరిగింది, మిగిలిన రబ్బరు కాబోలు. వెలుగు గీత పక్కకి నిలువుగా లేచింది, వెడల్పయింది, ఎండ మొత్తం మీద పడింది.

ఆమె తలుపుకి వీపు అడ్డం పెట్టి నిలబడి, రెండు చేతులా అతని చంకల కింద పట్టుకుంది. అతను మోకాళ్ల మీద కమ్మీ దాకా వచ్చాడు, అక్కడ ఓపిక అయిపోయి దాని మీదే కూలబడ్డాడు, సగం ఎండలో, సగం చలిలో. ఆమె అతని చేతులు తన బుగ్గలకి అదుముకుంటోంది, కొంగు తీసి మెడకి చుడుతోంది, "ఎవులు సెప్పారు నీకు లోపలికి ఎల్లమని, బస్సెక్కుతాననీసి ఇందులో దూరినావా, నాను రాకపోతే ఏటయ్యేది, నాను రాకపోతే?" అంటోంది. ఆమె వేళ్ల నిండా పసుపు. అతను ఏదో చెప్పబోయాడు, పళ్లు టకటకలాడాయి. "కామా..." అన్నాడు, అంతే వచ్చింది. పక్కన గీకిన పసుపు పెళ్లలు చిన్న కుప్పగా, జాగ్రత్తగా, కాలు పడకుండా గోడవారకి పెట్టి ఉన్నాయి. కమ్మీ ఒక సగం తెల్లగా మెరుస్తోంది, రెండో సగం ఇంకా పచ్చగానే ఉంది.

ఆమె ఉన్నట్టుండి ఏడుపు ఆపి, కిందికి చూసి, అతని రెక్క పట్టుకుని పైకి లాగింది. "లెగు బావా. గడప మీద కూకోకు."

సూర్యప్రకాష్ ఆమె భుజం పట్టుకుని లేచాడు. మొద్దుబారిన కాళ్లు ఎక్కడ పడుతున్నాయో తెలియక వాటినే చూసుకుంటూ, ఒక కాలు ఎత్తి అవతల పెట్టాడు, రెండోది కూడా ఎత్తి, గడప తొక్కకుండా బయటికి దాటాడు.